ముసలి కుక్కకు పడుచుదనము: రసాయన ఫలమా, రోగ లక్షణమా?

ఆయుర్వేదమునకు గల ఎనిమిది అంగములలో రసాయనతంత్రము ఒకటి. ముదిమిని దూరముగా ఉంచుట దాని లక్ష్యము. అందువలననే కాబోలు, మా నూజివీడు మామిడితోటలలో ముసలి కుక్క ఏదైనా మరల పరుగులు తీసినచో "ఏ లేహ్యం పెడుతున్నారండీ?" అని అడుగుదురు. మా టామీకి పదమూడేండ్లు. చలికాలమంతయు గడప దిగలేక మూలిగి, రసాల కోతల నాటికి ఉడుతలను తరుమసాగినది. నన్నును అందరూ అదే ప్రశ్న అడిగిరి.

లేహ్యమేదియు లేదు. చలికి బిగిసిన కీళ్లు వేసవిలో కొంత సడలినవి. పశువైద్యుని సలహాపై అన్నము తగ్గించగా బరువు దిగినది. పుచ్చిన పన్ను తీయించితిమి. నోరులేని జీవిలో నొప్పి బద్ధకముగా కనిపించును. దానిని మనము వార్ధక్యమని పిలుచుచుందుము. ఇంటిలోని పెద్దల విషయమునను ఈ పొరపాటు జరుగుచుండునని నా అభిప్రాయము.

అయితే భయపడవలసిన పడుచుదనము వేరొకటి కలదు. ముసలి కుక్కకు హఠాత్తుగా ఆకలి పెరిగి, గిన్నెలకొలది నీరు త్రాగి, మాటిమాటికి మూత్రమునకు పోవుచున్నచో సంతోషింపరాదు. అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును అధికముగా స్రవించు కుషింగ్ వ్యాధిలో ఇట్లే ఉండును. క్రమముగా పొట్ట వ్రేలాడును, వెంట్రుకలు పలుచబడును, వగర్పు హెచ్చును. బాగుగా తినుచునే చిక్కిపోవుచున్నచో మధుమేహమును అనుమానింపవలెను. రక్తమూత్ర పరీక్షలు తప్పనిసరి. మన ప్రాంతము వారికి గన్నవరములో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల సమీపమున ఉన్నది.

అమెరికాలో డాగ్ ఏజింగ్ ప్రాజెక్టు వారు రాపమైసిన్ అను మందును పెంపుడు కుక్కలపై పరీక్షకు పెట్టిరి. అది పరిశోధకుల పని, మన వంటింటి పని కాదు.

మనుష్యుల మందును కుక్కకు పంచిపెట్టుట మిక్కిలి ప్రమాదకరము. చ్యవనప్రాశములో ద్రాక్ష చేరును. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండములను చెడగొట్టగలవు. వెల్లుల్లి, ఉల్లి దాని రక్తకణములను నాశనము చేయును. కీళ్లనొప్పికని పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ బిళ్లలను స్వయముగా వేయరాదు.

పండిన మామిడి గుజ్జు ఒకటి రెండు ముక్కలైనచో హాని లేదు. మధుమేహము ఉన్నదానికి అదియు వలదు. కాని టెంక సంగతి వేరు. రసాలు జుర్రి టెంకలను పెరటిలోనికి విసరుట మన అలవాటు. తీపికి ఆశపడి కుక్క దానిని మ్రింగినచో ప్రేగులో అడ్డుపడి శస్త్రచికిత్స వరకు పోవును. ఈ నాలుగు నెలలూ టెంకలను మూతగల బుట్టలో వేయవలెను. కుక్క వాంతులు చేసికొనుచు తిండి ముట్టనిచో ఆనాడే వైద్యునికి చూపవలెను.