లెక్క వ్రాయు సోదరీమణులకు

ధనము సంపాదించుట యొక నేర్పు. దానిని నిలుపుకొనుట మఱియొక నేర్పు. వచ్చినదానిని, పోయినదానిని ఉన్నదున్నట్లు వ్రాసి పెట్టుట ఈ రెంటికిని మూలమైన నేర్పు. ఈ మూడవ నేర్పు నేడు మన మల్యాల ప్రాంతమున స్త్రీల చేతికి వచ్చినది. పదిమంది, పదునైదుమంది స్త్రీలు కూడిన పొదుపు సంఘములు, వానిపై గ్రామ సమాఖ్యలు, వానిపై మండల సమాఖ్య. వీని పుస్తకములు వ్రాయువారు చాలవఱకు మన యాడుబిడ్డలే. బీడీలు చుట్టగా వచ్చిన కూలియు, పసుపు, మామిడి అమ్మగా మిగిలిన రొక్కమును ఆ పుస్తకములలో అంకెలై చేరుచున్నవి. కావున ఈ వృత్తియందున్న సోదరీమణులకును, వారిచేత వ్రాయించుకొను గృహిణులకును కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

గణితము మన సారస్వతమునకు పరాయిది కాదు. మహావీరాచార్యులు తొమ్మిదవ శతాబ్దమున సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును, సుమారు తొమ్మిది వందల యేండ్ల క్రిందటనే పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అయినను ఊరి లెక్క మాత్రము చిరకాలము కొందఱి చేతనే యుండెను. మన తెలంగాణమున పట్వారీ వ్రాసిన పహాణీయే భూమికి సాక్ష్యము. అందు తన పేరున్నదో లేదో రైతు చదువలేడు, అడుగుటకు వెఱచును. 1984లో ఆ పటేల్ పట్వారీ ఉద్యోగములు రద్దయినవి గాని, పుస్తకమన్న భయము వానితో పోలేదు. నేటికిని పుస్తకము ముందుకు జరుపగానే “నువ్వే రాయి బిడ్డా” యని సంతకమో, వ్రేలిముద్రయో పెట్టి లేచిపోవు తల్లులు పెక్కండ్రు. లెక్క వ్రాయునామె ధర్మము ఇచ్చటనే మొదలగుచున్నది. ఎవరి ధనమో వారికి తెలియని లెక్క, ఎంత చక్కగా వ్రాసినను, లెక్క గాదు.

మే మెఱిగిన యొక గ్రామమున ఒక బీడీ కార్మికురాలు తన వాయిదాలను తప్పక చెల్లించినది. ఆమె చేతి చిన్నపుస్తకమున అన్నియు నున్నవి. సంఘపు పెద్దపుస్తకమున రెండు వాయిదాలు లేవు. వ్రాసిన పిల్ల దొంగ కాదు. పని తొందరలో చీటిపై వ్రాసికొని, పిదప ఎక్కించుట మఱచినది. కాని ఆఱు నెలలకు బాకీ బయటపడగా, ఆ యిల్లాలు నలుగురిలో తలవంచుకొనవలసి వచ్చెను. చిన్నపుస్తకమును దాచుకొని యుండనిచో ఆమె మాట నమ్మువారెవరు? దొంగతనముకంటె చీటియే ఎక్కువ సంసారములను కలచినదని మా యభిప్రాయము.

కావున మొదటి నియమ మిది: రొక్కము చేతులు మారిన చోటనే, ఆ దినముననే, రెండు పుస్తకములయందును వ్రాయవలెను. ముందు చిట్టా, పిదప ఆవర్జా. సమావేశము ముగియకముందే చేతిలోని నిలువను అందఱి యెదుట లెక్కించి, పుస్తకపు నిలువతో సరిచూచి, బిగ్గరగా చదివి వినిపింపవలెను.

రెండవది, తప్పును దిద్దు విధము. అంకెను గోకుట, తెల్లసిరా పూయుట, కాగితము చింపుట తగవు. పాత అంకె కనబడునట్లు ఒక్క గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వ్రాసి, తేదీ వేసి సంతకము చేయవలెను. పెద్ద కంపెనీలకును ఇదే నీతి నిబంధనయైనది. 2023 ఏప్రిల్ 1 నుండి మన దేశమున కంపెనీల లెక్కలు వ్రాయు సాఫ్టువేరు ప్రతి మార్పును, అది జరిగిన తేదీని తనంతట నమోదు చేయవలెను. ఆ నమోదును ఆపివేయుటకు వీలుండరాదు. దిద్దుట దోషము కాదు, దిద్దినది దాచుటయే దోషము.

మూడవది, చెప్పినవారి మాటతో తృప్తిపడక మూలమున సరిచూచుట. 2009 జనవరి 7న హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సు అధిపతి వ్రాసిన లేఖను పాఠకురాండ్రు మఱచియుండరు. పుస్తకములలో 5,361 కోట్ల రూపాయలుగా చూపిన రొక్కము, బ్యాంకు నిలువలలో 5,040 కోట్లు అసలే లేవని అందు ఒప్పుకొనబడెను. బ్యాంకు నిలువలను తనిఖీదారులు తగినట్లు రూఢిపఱచుకొనలేదని 2011లో అమెరికా ప్రభుత్వపు విచారణలో తేలెను. అంత పెద్ద సంస్థలో జరిగినది పదిమంది సంఘములో జరుగదా? నెలకొకమాఱు బ్యాంకు పుస్తకమును బ్యాంకులోనే ముద్రింపించి, సంఘపు లెక్కతో పంక్తి పంక్తికి పోల్చవలెను. చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చిన ధృవపత్రము చేతికి వచ్చినచో దానిపై యూడీఐఎన్ అను 18 అక్షరముల గుర్తును చూడవలెను. 2019 నుండి ఇది విధిగా నుండవలసినది. ఆ గుర్తుతో పత్రము నిజమైనదో కాదో ఎవరైనను ఇంటర్నెట్టులో సరిచూడవచ్చును.

నాల్గవది వడ్డీ, మన వైపు మాటలో మిత్తి. పదివేల రూపాయల అప్పు, నెలకు నూటికొక రూపాయి మిత్తి, పది నెలల వాయిదాలు అనుకొందము. నెలనెల వేయి రూపాయల అసలు తీరుచుండగా, మిగిలిన అసలుపై మాత్రమే కట్టినచో మొత్తము మిత్తి 550 రూపాయలు. మొదటి అసలుపైననే పది నెలలును కట్టినచో 1,000 రూపాయలు. రెండును “నూటికి రూపాయి” యనియే చెప్పబడును! ఏ లెక్కయో అప్పు ఇచ్చునాడే పుస్తకమున వ్రాసి చదివి చెప్పవలెను.

ఇక ఆదాయపు పన్ను పని చూచువారికొక వార్త. 1961 నాటి చట్టమునకు బదులుగా చేసిన క్రొత్త చట్టమునకు 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి యామోదము లభించెను. అది 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు నిర్ణయింపబడినది. 819 విభాగములు 536 అయినవి. గత సంవత్సరము, మదింపు సంవత్సరము అను చిక్కు పోయి “పన్ను సంవత్సరము” అను ఒక్క మాట వచ్చినది. అయినను ఆ తేదీకి ముందరి సంవత్సరముల పన్ను పాత చట్టము ప్రకారమే సాగును. కనుక పాత పుస్తకములను తొందరపడి అటుక నెక్కింపరాదు.

ఈ వృత్తి స్త్రీలకు క్రొత్త యనువారికి మదరాసులోని ఆర్. శివభోగముగారి పేరు చెప్పవచ్చును. స్వరాజ్యోద్యమమున కారాగారమునకు వెళ్లిన ఆమె 1933లో అకౌంటెన్సీ పరీక్షయందు ఉత్తీర్ణురాలై, మన దేశమున తొలి మహిళా అకౌంటెంటను కీర్తి పొందెను. జైలుకు వెళ్లినవారికి ఆ వృత్తియందు చోటులేదను నిబంధనతో పోరాడి గెలిచి, 1937లో స్వంతముగా వృత్తి నారంభించెను. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 జూలై 1న ఏర్పడగా, దాని దక్షిణ ప్రాంతీయ మండలికి 1955లో అధ్యక్షురాలయ్యెను.

సోదరీమణులారా! అంత దూరము పోవు అవకాశము మనలో అందఱికి లేకపోవచ్చును. కాని వచ్చు నెల సంఘము కూడినప్పుడు, సంతకము చేయుటకు ముందు మీ పేరిట నున్న పంక్తిని చదివి వినిపింపుమని అడుగుట అందఱికిని సాధ్యమే. లెక్క వ్రాయు బిడ్డ దానికి కినుక వహింపరాదు. అడిగినవారు ఆమెను అనుమానించినవారు కారు. ఆమె భారములో పాలుపంచుకొన్నవారు.