నిలకడలేని బిడ్డ – మెదడు తరంగాల పరీక్ష

వాకాడులోని మా వైద్యశాలకు ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కుమారుని తీసుకువచ్చింది. "అయ్యా, వీడు పుస్తకం ముందు క్షణం కూర్చోడు. కొట్టి కొట్టి విసిగిపోయాను. మెదడు పరీక్షలో జబ్బు తేలుతుందంటున్నారు, చేయించమంటారా?" అని అడిగింది.

ఆ పరీక్షయే ఇ.ఇ.జి. 1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ మానవుని మెదడు విద్యుత్ తరంగాలను తొలిసారి నమోదు చేశాడు. తలపై అమర్చిన బిళ్లలు వాటిని గ్రహిస్తాయి, నొప్పి ఉండదు. తెరపై అక్షరాలు వచ్చిపోతుండగా, చెప్పిన అక్షరానికే మీట నొక్కమని ఏకాగ్రత ఎంతసేపు నిలిచేదీ చూస్తారు. ఏ.డి.హెచ్.డి. అనే అవధాన లోపం గల కొందరు పిల్లలలో, వేగవంతమైన బీటా తరంగాలతో పోల్చగా మందగతి గల థీటా తరంగాలు అధికంగా కనిపించాయి, అందరిలోనూ కాదు. అందుచేతనే ఈ కొలత వైద్యుని సమగ్ర పరిశీలనకు బదులు కాజాలదని 2016లో అమెరికా నాడీవైద్యుల అకాడమీ తెలిపింది.

చరకుడు ధీ, ధృతి, స్మృతులను వేరుగా చెప్పాడు. మనస్సును పట్టి నిలిపేది ధృతి. ఈ బిడ్డకు కొరవడినది ధృతియే గాని బుద్ధి కాదని నాకు తోచింది. బ్రాహ్మీ లేహ్యం అడిగినా ఇవ్వలేదు. ముందుగా చూపు, వినికిడి, నిద్ర గమనించి, పిల్లల మానసిక వైద్యునికి చూపమన్నాను. కొట్టడం మాత్రం ఈ దినమే మానమన్నాను.