ఇంటి సంగతులే గెలిపించాయి

అమెరికాలో ఇద్దరు ఆడవాళ్ళ పెళ్ళి, ఇద్దరు మగవాళ్ళ పెళ్ళి మొదట చెల్లింది మసాచుసెట్స్‌లో. 2003లో కోర్టు తీర్పు వచ్చింది, 2004 మే 17 నుంచి పెళ్ళిళ్ళు మొదలయ్యాయి.

అంతటితో అయిపోలేదండీ. వాటిని ఆపాలని కొందరు రాజ్యాంగ సవరణ తెచ్చారు. 200 మంది శాసనసభ్యుల్లో కనీసం 50 మంది, వరసగా రెండు సభల్లో ఒప్పుకుంటే అది ప్రజల ఓటుకు వెళుతుంది. 2007 జనవరిలో 62 మంది ఒప్పుకున్నారు. జూన్ 14న 45 మందే మిగిలారు, సవరణ వీగిపోయింది.

మధ్యలో ఏం జరిగింది? కొత్తవారు కొందరు గెలిచి వచ్చారు. పాతవారిలో కొందరు మనసు మార్చుకున్నారు. ఈ దంపతులు తమ ఊరి సభ్యుల్ని కలిసి ఇంటి సంగతులే చెప్పుకున్నారు. పిల్లకి జబ్బు చేస్తే ఆస్పత్రిలో సంతకం ఎవరిది? ఒకరు పోతే ఇల్లెవరిది? ఇవీ ప్రశ్నలు.

2013 సుప్రీం కోర్టు తీర్పుతో ఇలా పెళ్ళయినవారికీ హెచ్-4 వీసా, గ్రీన్‌కార్డు దారి తెరుచుకుంది. 2015లో పెళ్ళి హక్కు దేశమంతటా వచ్చింది. ఇండియాలో మాత్రం 2023లో సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. అక్కడ కోర్టుకెక్కిన వారిలో హైదరాబాదు జంట కూడా ఉంది.

రేపు మన పిల్లలెవరైనా ఈ మాట చెబితే, కోప్పడకుండా ముందు కూర్చుని వినండి. సెలవు.