ఈస్ట్ కణంలో వార్ధక్యం: ఆయుష్షుకు రెండు లెక్కలు

కణ వార్ధక్యాన్ని గురించి తెలుగులో రాసేటప్పుడు ‘ఆయుఃప్రమాణం’ అన్న ఒకే మాటతో సరిపెట్టుకోవడం పరిపాటి. ఈస్ట్ విషయంలో ఆ మాట చాలదు. ఎందుకు చాలదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కణం సమానంగా రెండుగా చీలితే అందులో తల్లి ఏదో, బిడ్డ ఏదో చెప్పలేం. రొట్టె పిండిని పొంగించే ఈస్ట్ (శాకరోమైసిస్ సెరివిసియే) అలా చీలదు, మొగ్గ తొడుగుతుంది. మొగ్గ తల్లికణం కంటే చిన్నది. అది విడిపోయిన చోట తల్లి కణకవచంపై కైటిన్‌తో కూడిన మచ్చ మిగిలిపోతుంది. మచ్చలను లెక్కిస్తే ఎన్ని కాన్పులయ్యాయో తెలుస్తుంది. అయితే ఈ మచ్చలు వయసుకు గుర్తులే కాని కారణాలు కావు.

1959లో మార్టిమర్, జాన్‌స్టన్ అనే శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద ప్రతి పిల్లకణాన్నీ తల్లి నుంచి వేరుచేస్తూ ఈ కాన్పులను లెక్కపెట్టారు. ఒక తల్లికణం పరిమితమైన సంఖ్యలోనే విభజన చెందుతుందని తేలింది. ప్రయోగశాలల్లో సాధారణంగా వాడే రకాల్లో ఇది సగటున ఇరవై నుంచి ముప్పై సార్లు. వయసు పైబడినకొద్దీ తల్లికణం ఉబ్బుతుంది, కాన్పుల మధ్య ఎడం పెరుగుతుంది, చివరకు విభజన ఆగిపోతుంది. విశేషమేమిటంటే, వయసు మళ్లిన తల్లికి పుట్టిన పిల్లకణం సాధారణంగా పూర్తి ఆయుష్షుతోనే పుడుతుంది. తల్లి మరీ ముసలిదైతే మాత్రం ఆ పిల్లల ఆయుష్షు తగ్గుతుంది.

అంటే తల్లి తనలోనే ఏదో దాచుకుంటున్నదన్నమాట. అది డీఎన్ఏ వలయాలని 1997లో సింక్లెయిర్, గ్వరెంటీ ప్రతిపాదించారు. రైబోజోముల ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన జన్యువులు పన్నెండో క్రోమోజోమ్‌పై వంద మించి ప్రతులుగా వరుసగా ఉంటాయి. వాటిలో కొంత భాగం ఊడి వలయమై, తానే ప్రతులు చేసుకుంటూ తల్లికణంలో పేరుకుపోతుంది. దెబ్బతిన్న ప్రోటీన్లు కూడా ఎక్కువగా తల్లివైపే నిలిచిపోతాయి. ఈ వలయాలే మూలకారణమా అన్నది ఇప్పటికీ వివాదాస్పదం. మానవ వార్ధక్యానికి దీన్ని నేరుగా వర్తింపజేయడం తొందరపాటే అవుతుంది.

రెండో లెక్క వేరు. పోషకాలు అయిపోయి, విభజన మానేసిన కణం ఎన్ని రోజులు సజీవంగా ఉంటుందన్నది ఇందులోని ప్రశ్న. మొదటిదాన్ని ‘విభజన ఆయుష్షు’ అనీ, దీన్ని ‘కాల ఆయుష్షు’ అనీ విడదీసి చెప్పవచ్చు. ఇది మాటల పట్టింపు కాదు. సర్2 అనే జన్యువును తొలగిస్తే వలయాలు పెరిగి విభజన ఆయుష్షు తగ్గుతుంది. అదనపు ప్రతి చేరిస్తే పెరుగుతుందని 1999లో చూపారు. కాని అదే జన్యువును తొలగించినప్పుడు, పోషకాలు కరువైన స్థితిలో కాల ఆయుష్షు పెరిగినట్లు 2005లో మరో బృందం ప్రకటించింది. రెండింటికీ ‘ఆయుఃప్రమాణం’ అనే రాస్తే, ఒకే జన్యువు ఆయుష్షును తగ్గిస్తుందనీ పెంచుతుందనీ చదివిన విద్యార్థి ఏదో ఒక ప్రయోగం తప్పని అనుకుంటాడు. నిజానికి ఆ రెండు ప్రయోగాలు కొలిచినవి వేర్వేరు విషయాలు.