విండోస్ ఇన్‌స్టాలేషన్‌లో డిస్క్ కనిపించట్లేదా? కొత్త ఎస్ఎస్‌డీ కొనే ముందు ఇవి చూడండి

పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ 11 సెటప్ స్టార్ట్ చేశారు. అంతా బాగానే ఉంది. తీరా డిస్క్ సెలెక్ట్ చేసే స్క్రీన్‌కి వచ్చేసరికి లిస్ట్ ఖాళీ! దాంతో చాలామంది ఎస్ఎస్‌డీ పోయిందని ఫిక్స్ అయిపోతారు. ఫ్రెండ్స్ ల్యాప్‌టాప్‌లలో నేను చాలాసార్లు చూసిన సీన్ ఇది. ఎక్కువసార్లు డిస్క్ బాగానే ఉంటుంది, సెటప్‌కే కనపడదు.

అసలు ఎందుకిలా?

ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఫీచర్ ఆన్‌లో వస్తోంది. అది ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఆ కంట్రోలర్ వెనకాల ఉండిపోతుంది. సెటప్‌లో ఆ కంట్రోలర్ డ్రైవర్ లేకపోతే డిస్క్ లిస్ట్‌లోకి రాదు. అందుకే నేను ముందు బయాస్‌లోకి వెళ్లి చూస్తాను. అక్కడ ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తే సమస్య దాదాపు డ్రైవర్‌దే. అక్కడా లేకపోతే అప్పుడు కనెక్షన్‌నో, డిస్క్‌నో అనుమానించాలి.

ఏం చేయాలి?

మీ ల్యాప్‌టాప్ మోడల్ సపోర్ట్ పేజీ నుంచి ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి, ఎక్స్‌ట్రాక్ట్ చేసి, ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు, డిస్క్ లిస్ట్‌లోకి వచ్చేస్తుంది.

బయాస్‌లో వీఎండీ ఆఫ్ చేసినా డిస్క్ కనిపిస్తుంది. కానీ పాత విండోస్‌ని ఉంచుకోవాలనుకుంటే ఈ దారి వద్దు. అది బూట్ అవ్వకుండా బ్లూ స్క్రీన్ రావచ్చు. డేటా ఎక్కడికీ పోదు, మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా బూట్ అవుతుంది. బిట్‌లాకర్ ఉంటే మాత్రం రికవరీ కీ అడగొచ్చు, ముందే రాసి పెట్టుకోండి.

డిస్క్ వచ్చింది, మరి ఏది ఏదో?

అసలు రిస్క్ ఇక్కడే. రెండు మూడు డ్రైవ్‌లుంటే డిస్క్ 0 అంటే ఎస్ఎస్‌డీయే అని గ్యారంటీ లేదు. నేను షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ డిస్క్' కొట్టి సైజులు చూస్తాను. 512 జీబీ ఎస్ఎస్‌డీ అక్కడ 476 జీబీగా, 1 టీబీ అయితే 931 జీబీగా కనిపిస్తుంది. సైజులు ఒకేలా ఉంటే డిస్క్ సెలెక్ట్ చేసి 'డీటెయిల్ డిస్క్' కొడితే మోడల్ పేరు వస్తుంది. 'క్లీన్' కమాండ్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. అది 'ష్యూరా?' అని కూడా అడగదు, పార్టిషన్లన్నీ ఎగిరిపోతాయి.

ఇన్‌స్టాల్‌కి అవసరం లేని హార్డ్ డిస్క్‌లని ముందే తీసేయడం ఇంకా సేఫ్. లేకపోతే విండోస్ ఒక డిస్క్‌లో, దాని బూట్ ఫైల్స్ ఇంకో డిస్క్‌లో పడే ఛాన్స్ ఉంది. ఆ రెండోది తీసిన రోజు ల్యాప్‌టాప్ బూట్ అవ్వదు. ఫొటోలు, ప్రాజెక్ట్ ఫైల్స్ బ్యాకప్ అయ్యాకే 'నెక్స్ట్' నొక్కండి.