క్లియర్ క్యాష్ నొక్కాలా, క్లియర్ డేటా నొక్కాలా? ఫోన్ నిండిపోయినప్పుడు ముందు ఇది తెలుసుకోండి

ఈ ఎపిసోడ్‌లో మనలో చాలామందికి బాగా అలవాటైపోయిన ఒక మెసేజ్ గురించి మాట్లాడుకుందాం. ఫొటో తీద్దామని కెమెరా ఓపెన్ చేస్తాం, "స్టోరేజ్ నిండిపోయింది" అంటుంది. వాట్సాప్‌లో ఎవరో హాల్‌టికెట్ పీడీఎఫ్ పంపిస్తారు, అది డౌన్‌లోడ్ అవ్వదు. అదీ సరిగ్గా పరీక్ష రోజు పొద్దున్నే అవుతుంది.

అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఏ యాప్ పెద్దగా కనిపిస్తే అందులో "క్లియర్" అని ఉన్న బటన్ నొక్కేయడం. కానీ ఆ బటన్లు రెండున్నాయి. ఒకటి క్లియర్ క్యాష్. రెండోది క్లియర్ డేటా, కొన్ని ఫోన్లలో దీన్నే క్లియర్ స్టోరేజ్ అంటారు. రెండూ పక్కపక్కనే ఉంటాయి, పేర్లు కూడా అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిది నొక్కితే మీది అంటూ ఏదీ పోదు. రెండోది నొక్కితే మళ్ళీ తిరిగి రానివి కూడా పోవచ్చు. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే ఈ ఎపిసోడ్ చూసిన ఫలితం వచ్చినట్టే.

సరే, ముందు క్యాష్ అంటే ఏంటి? జేబులో ఉండే క్యాష్ కాదండోయ్. పలకడం ఒకేలా పలుకుతాం గానీ ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ వేరు. దాచిపెట్టడం అనే అర్థం ఉన్న ఫ్రెంచ్ మాట నుంచి వచ్చింది ఇది.

మీ ఇంట్లో పోపుల డబ్బా ఉంటుంది కదా. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి కొంచెం కొంచెం తీసి పొయ్యి పక్కనే పెట్టుకుంటారు. తాలింపు వేసిన ప్రతిసారీ అటక మీదున్న పెద్ద డబ్బా దించాల్సిన పని లేకుండా. క్యాష్ కూడా అంతే. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ఫ్రెండ్ ప్రొఫైల్ ఫొటో ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక, ఆ యాప్ దాన్ని మీ ఫోన్‌లోనే ఒక కాపీ పెట్టుకుంటుంది. మళ్ళీ అదే ఫొటో చూపించాలంటే సర్వర్ దాకా వెళ్ళక్కర్లేదు. యూట్యూబ్ థంబ్‌నెయిల్స్, షాపింగ్ యాప్‌లో చూసిన వస్తువుల బొమ్మలు, మ్యాప్స్‌లో మీరు తిరిగిన వీధులు, అన్నీ ఇలాగే దాచుకుంటాయి.

క్లియర్ క్యాష్ అంటే పోపుల డబ్బా ఖాళీ చేయడం. అటక మీద సరుకు ఎక్కడికీ పోదు, మళ్ళీ నింపుకోవచ్చు. క్లియర్ డేటా అంటే వంటిల్లు మొత్తం ఖాళీ చేసి, గిన్నెలతో సహా బయట పెట్టేసి, గోడలు మాత్రం ఉంచడం. యాప్ ఉంటుంది, కానీ ఈరోజే కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు ఉంటుంది. లాగిన్ పోతుంది, సెట్టింగ్స్ పోతాయి, ఆ యాప్ ఫోన్‌లో మాత్రమే దాచిన సమాచారం మొత్తం పోతుంది.

నేను ఆండ్రాయిడ్ యాప్స్ కోడ్ రాసిన వాణ్ణి కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ప్రతి యాప్‌కీ ఆండ్రాయిడ్ సొంతంగా కొంత చోటు ఇస్తుంది. అందులో ఒకటి ఫైల్స్ ఫోల్డర్, ఒకటి క్యాష్ ఫోల్డర్. డెవలపర్లకి ఆండ్రాయిడ్ ముందే చెప్తుంది: క్యాష్ ఫోల్డర్‌లో పెట్టినవి ఎప్పుడైనా పోవచ్చు, అవి లేకపోయినా మీ యాప్ పనిచేయాలి అని. అందుకే క్లియర్ క్యాష్ విషయంలో భయపడక్కర్లేదు. పోతే మళ్ళీ తెచ్చుకోగలిగినవే అక్కడ పెడతాం. మీ నోట్స్, మీ లాగిన్, మీ గేమ్ లెవెల్స్ లాంటివి ఫైల్స్, డేటాబేస్ వైపు ఉంటాయి. క్లియర్ డేటా ఆ రెండు వైపులా ఊడ్చేస్తుంది.

ఇదెంత సీరియస్ అంటే, మా పిన్ని సంగతి చెప్తాను. ఊళ్ళో ఒక పాతిక ఇళ్ళకి పాలు పోస్తుంది. ఎవరింటికి ఎన్ని లీటర్లు, ఎవరు ఎంత ఇచ్చారు అనే లెక్క అంతా మా తమ్ముడు ఫోన్‌లో ఒక నోట్స్ యాప్‌లో రాసేవాడు. అకౌంట్ అక్కర్లేని యాప్, అంటే అంతా ఫోన్‌లోనే. ఒకరోజు స్టోరేజ్ నిండిందని వాడు ఒక షార్ట్ వీడియో చూసి, అందులో చెప్పినట్టు ప్రతి యాప్‌లోనూ క్లియర్ డేటా నొక్కుకుంటూ పోయాడు. నెలాఖరుకి మూడు రోజుల ముందు. నోట్స్ యాప్ వల్ల మిగిలింది కొన్ని ఎంబీలు. పోయింది నెల లెక్క. పిన్ని ఇంటింటికీ వెళ్ళి "మీకెంత అయిందో మీరే చెప్పండమ్మా" అని అడగాల్సి వచ్చింది. చాలామంది నిజాయితీగానే చెప్పారు. ఇద్దరు ముగ్గురు మాత్రం "గుర్తులేదు" అన్నారు. ఆ డబ్బులు రాలేదు.

అందుకే చెప్తున్నా, బటన్ నొక్కే ముందు చదవండి. సామ్‌సంగ్ ఫోన్లలో స్టోరేజ్ పేజీ అడుగున క్లియర్ డేటా, క్లియర్ క్యాష్ పక్కపక్కనే ఉంటాయి. చాలా షావోమీ ఫోన్లలో అడుగున క్లియర్ డేటా అని ఒక్కటే కనిపిస్తుంది. అది నొక్కితే లోపల క్లియర్ ఆల్ డేటా, క్లియర్ క్యాష్ అని రెండు వస్తాయి. కంగారులో పైది నొక్కేస్తే అంతే సంగతులు.

దారి ఏంటంటే: సెట్టింగ్స్, యాప్స్, మీకు కావాల్సిన యాప్, స్టోరేజ్, అక్కడ క్లియర్ క్యాష్. అన్ని యాప్స్‌కీ ఒకేసారి చేసే ఆప్షన్ పాత ఆండ్రాయిడ్‌లో ఉండేది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి తీసేశారు. ఎందుకంటే ఆ వెర్షన్ నుంచి ఫోనే ఆ పని చూసుకుంటుంది. ఏ యాప్ ఎంత క్యాష్ పెట్టుకోవచ్చో ఒక కోటా ఉంటుంది. చోటు తక్కువైనప్పుడు, కోటా బాగా దాటిన యాప్స్ క్యాష్ నుంచి ముందు తీసేస్తుంది.

అంటే అర్థమైందా? రోజూ పడుకునే ముందు క్యాష్ క్లియర్ చేసే అలవాటు ఉంటే మానేయండి. రేపు పొద్దున్న యాప్ ఓపెన్ చేయగానే అవే బొమ్మలు మళ్ళీ డౌన్‌లోడ్ అవుతాయి. యాప్ కాసేపు మెల్లగా నడుస్తుంది. పోయేది మీ రోజువారీ 1.5 జీబీ డేటా. రెండు సందర్భాల్లో మాత్రం క్లియర్ క్యాష్ బాగా పనికొస్తుంది. ఒకటి, ఇప్పటికిప్పుడు కాస్త చోటు కావాల్సినప్పుడు. రెండు, ఒక యాప్ అప్‌డేట్ అయ్యాక తిక్కతిక్కగా ప్రవర్తిస్తున్నప్పుడు, పాత బొమ్మలే చూపిస్తున్నప్పుడు.

ఇక క్లీనర్ యాప్స్ సంగతి. "ఒక్క ట్యాప్‌తో 4 జీబీ ఖాళీ" అని యాడ్స్ వస్తాయి చూడండి. ఆండ్రాయిడ్ 6 నుంచి మామూలు యాప్ ఏదీ ఇంకో యాప్ క్యాష్‌ని నేరుగా ముట్టుకోలేదు. అందుకే కొన్ని క్లీనర్లు యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతాయి. ఆ పర్మిషన్ ఇస్తే మీ బదులు ఆ యాప్ స్క్రీన్ మీద బటన్లు నొక్కగలదు, స్క్రీన్ మీద ఏముందో చదవగలదు. మీ మెసేజ్‌లు, ఓటీపీలు కనిపించేది కూడా ఆ స్క్రీన్ మీదే కదా. కాస్త చోటు కోసం ఇంటి తాళం ఎవరో తెలియని వాళ్ళ చేతిలో పెట్టకండి.

మరి నిజంగా చోటు ఎక్కడ పోతోంది? చాలామంది ఫోన్లలో అసలు దొంగ క్యాష్ కాదు, వాట్సాప్. ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే శుభోదయం బొమ్మలు, పండక్కి పండగ వీడియోలు, ఒకే వీడియో నాలుగు గ్రూపుల్లో. ఇవి క్యాష్ కాదు కాబట్టి క్లియర్ క్యాష్ నొక్కితే పోవు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్‌కి వెళ్ళండి. 5 ఎంబీ కంటే పెద్దవి, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడివిడిగా చూపిస్తుంది. చూసుకుని డిలీట్ చేయండి. అక్కడే మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోలు ఆపేయండి. కావాల్సింది మీరే నొక్కి తెచ్చుకోవచ్చు.

రెండో దొంగ టెలిగ్రామ్. సినిమాలు, క్లాసుల వీడియోలు చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. టెలిగ్రామ్ సెట్టింగ్స్‌లో డేటా అండ్ స్టోరేజ్, స్టోరేజ్ యూసేజ్‌లోకి వెళ్తే ఏ చానల్ ఎంత తింటోందో కనిపిస్తుంది. అక్కడ క్లియర్ చేసినా మామూలు చాట్స్ క్లౌడ్‌లో ఉంటాయి, మళ్ళీ తెచ్చుకోవచ్చు. సీక్రెట్ చాట్స్ మాత్రం క్లౌడ్‌లో ఉండవు, అవి చూసుకోండి. చానల్ వాళ్ళే ఫైల్ తీసేస్తే మాత్రం మనమేం చేయలేం.

మూడోది గ్యాలరీ. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవాటిని ఫోన్‌లోంచి తీసేయడానికి ఫ్రీ అప్ స్పేస్ అని ఉంటుంది. ముందు బ్యాకప్ పూర్తయిందో లేదో చూడండి. డిలీట్ చేసినవి కొన్నాళ్ళు ట్రాష్‌లో ఉంటాయి, కాబట్టి చోటు వెంటనే కావాలంటే ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. ఇంకొకటి, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నీ సర్దుకోవాలి.

క్రోమ్‌లో బ్రౌజింగ్ డేటా తీసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్‌కి టిక్ పెడితే సరిపోతుంది. కుకీస్‌కి పెడితే వెబ్‌సైట్ల లాగిన్స్ పోతాయి. పాస్‌వర్డ్స్‌కి మాత్రం టిక్ పెట్టకండి.

ఐఫోన్ వాళ్ళకి: మీకు ప్రతి యాప్‌కీ క్లియర్ క్యాష్ బటన్ ఉండదు. సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్‌లో ఆఫ్‌లోడ్ యాప్, డిలీట్ యాప్ అని రెండుంటాయి. ఆఫ్‌లోడ్ చేస్తే యాప్ పోతుంది, దాని డేటా ఉంటుంది. డిలీట్ చేస్తే రెండూ పోతాయి. ఇక్కడ కూడా అవే అన్నదమ్ములు, వేషం వేరు.

ఇప్పుడు, క్లియర్ డేటా అస్సలు నొక్కకూడదా అంటే, అదేం లేదు. యాప్ పూర్తిగా మొరాయిస్తే అదే మందు. కానీ నొక్కే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా ఉందా? యూపీఐ యాప్ అయితే డబ్బులు బ్యాంకులోనే ఉంటాయి, సిమ్‌తో మళ్ళీ వెరిఫై చేసుకుంటే సరిపోతుంది. వాట్సాప్ అయితే బ్యాకప్ తేదీ చూసుకోవాలి. ఆథెంటికేటర్ యాప్ అయితే కోడ్స్ అకౌంట్‌కి సింక్ అయ్యాయో లేదో చూడాలి, లేకపోతే మీ అకౌంట్లు మీకే తెరుచుకోవు. నోట్స్, వాయిస్ రికార్డర్, లెక్కల యాప్ లాంటివి అయితే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి వేరే చోట పెట్టండి. "ఉంది" అని ఖాయంగా చెప్పగలిగితేనే నొక్కండి. లేకపోతే చేయి వెనక్కి తీసుకోండి.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఫోన్ కాదు, ఇంట్లో అమ్మ ఫోనో నాన్న ఫోనో తీసుకోండి. స్టోరేజ్ నిండిందన్న మెసేజ్ వాళ్ళకి కూడా వస్తుంది, కానీ ఏం చేయాలో అడగడానికి మొహమాటపడతారు. పక్కన కూర్చుని, వాట్సాప్ మేనేజ్ స్టోరేజ్ ఓపెన్ చేసి, ఏది ఉంచాలో వాళ్ళనే అడిగి తీసేయండి. మనకి చెత్తలా కనిపించే ఫొటో వాళ్ళకి కావాల్సింది కావచ్చు. ఇంకో ఎపిసోడ్‌లో వాట్సాప్ బ్యాకప్ సరిగ్గా అవుతోందో లేదో ఎలా చూసుకోవాలో చెప్తాను. అప్పటిదాకా ఉంటాను, బై.