హైటెక్ స్విమ్‌సూట్లపై బ్యాన్ ఎందుకు? బెండు కట్టుకుని ఈత పందెంలోకి దిగితే ఒప్పుకుంటామా?

బాసర: గోదావరి తీర గ్రామాల్లో ఈత ఎలా నేర్పుతారో చాలామందికి తెలిసిందే. నడుముకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రో, మూత బిగించిన ఖాళీ డబ్బానో కట్టి నీళ్లలోకి దింపుతారు. చేతులు, కాళ్లు ఆడించడం వచ్చాక దాన్ని విప్పేస్తారు. నేర్చుకునేటప్పుడు బెండు ఉంటే తప్పు లేదు. కానీ ఈత పందెంలో ఒకడు బెండు కట్టుకుని, ఇంకొకడు ఉత్త ఒంటితో దిగితే? చిన్న పిల్లాడైనా సరే 'ఇది తొండి' అంటాడు.

సరిగ్గా ఇదే గొడవ 2008, 2009లో ప్రపంచ స్విమ్మింగ్‌ను ఊపేసింది. కాకపోతే అక్కడ బెండు నడుముకు కనిపించేలా లేదు. ఒంటికి అతుక్కుపోయే సూట్ రూపంలో వచ్చింది.

అసలేం జరిగింది?

2008 ఫిబ్రవరిలో స్పీడో కంపెనీ 'ఎల్‌జెడ్‌ఆర్ రేసర్' అనే స్విమ్‌సూట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దీని తయారీలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కూడా సాయం చేసింది. ఏ బట్టకు రాపిడి తక్కువో నాసా విండ్ టన్నెల్‌లో పరీక్షించి చూశారు. కుట్లు లేకుండా అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో ముక్కలను అతికించారు. ముఖ్యమైన చోట్ల పాలీయూరిథేన్ పలకలు పెట్టారు.

అదే ఏడాది ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. స్విమ్మింగ్‌లో 25 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. వాటిలో 23 ఈ సూట్ వేసుకున్నవాళ్లవే. మైకేల్ ఫెల్ప్స్ 8 బంగారు పతకాలు కొట్టిందీ ఆ ఒలింపిక్స్‌లోనే. అంతకుముందే జపాన్ ఈత సమాఖ్య దిగొచ్చింది. సొంత దేశపు కంపెనీలతో ఒప్పందాలు ఉన్నా, తమ స్విమ్మర్లు స్పీడో సూట్ వేసుకోవచ్చని చెప్పేసింది. లేకపోతే పోటీలో వెనకబడిపోతామన్న భయం అది.

ఆ తర్వాత మిగతా కంపెనీలు ఊరుకుంటాయా? పలకలు ఎందుకు, సూట్ మొత్తం పాలీయూరిథేన్‌తోనే చేద్దామన్నాయి. జేకెడ్ 01, అరీనా ఎక్స్-గ్లైడ్ అలా వచ్చినవే. అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫినా 2009 మేలో కొన్ని సూట్లను ఆపింది. జూన్‌లో మళ్లీ ఒప్పుకుంది. ఆ గందరగోళంలోనే జులైలో రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్స్ మొదలయ్యాయి. అక్కడ ఒక్క టోర్నీలోనే 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి!

సూట్ వేసుకుంటే వేగం ఎలా పెరుగుతుంది?

నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. ఈతగాడి బలంలో ఎక్కువ భాగం ఆ నీళ్ల అడ్డును చీల్చడానికే పోతుంది. హైటెక్ సూట్ మూడు పనులు చేసేది.

మొదటిది, ఒంటిని గట్టిగా బిగించి కండ కదలకుండా చేస్తుంది. ఒళ్లు నున్నటి గొట్టంలా మారి నీళ్ల అడ్డు తగ్గుతుంది. రెండోది, పాలీయూరిథేన్‌లోంచి నీళ్లు, గాలి పారవు. లోపల చిక్కుకున్న గాలితో ఒళ్లు కాస్త పైకి తేలుతుంది. ఎంత పైకి తేలితే నీళ్లలో ఉండే భాగం అంత తక్కువ. మన బెండు చేసే పనే ఇది. మూడోది, అలసిపోయినప్పుడు నడుము కిందికి జారిపోకుండా నిలబెడుతుంది. రేసు చివర్లో సగం మంది ఓడిపోయేది అక్కడే.

నిజానికి వేగాన్ని, తేలే గుణాన్ని, ఓపికను పెంచే ఏ పరికరాన్నీ పోటీలో వాడొద్దని ఫినా నిబంధన అప్పటికే ఉంది. కానీ సూట్ పరికరం కిందికి వస్తుందా, బట్ట కిందికి వస్తుందా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నాన్చినందుకే ఇంత రచ్చ.

ఆ ఒక్క రేసుతో అందరికీ అర్థమైంది

రోమ్‌లో జర్మనీ స్విమ్మర్ పాల్ బీడర్‌మన్ 400 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 3 నిమిషాల 40.07 సెకన్లలో ఈదాడు. 2002 నుంచి ఇయాన్ థోర్ప్ పేరిట ఉన్న రికార్డు సెకనులో వందో వంతు తేడాతో పోయింది. ఆ తర్వాత 200 మీటర్లలో ఏకంగా ఫెల్ప్స్‌నే ఓడించాడు. టైమ్ 1 నిమిషం 42 సెకన్లు. ఏడాది కింద బీజింగ్‌లో ఇదే రేసులో బీడర్‌మన్‌ది అయిదో స్థానం. 11 నెలల్లో సుమారు 4 సెకన్లు మెరుగుపడ్డాడు. ఈ స్థాయిలో అర సెకను తగ్గించడానికే ఏళ్లు పడుతుంది.

విచిత్రం ఏంటంటే, ఆ రోజు ఫెల్ప్స్ వేసుకున్నది ఎల్‌జెడ్‌ఆర్ రేసరే. ఏడాది కింద అద్భుతం అనుకున్న సూట్ అప్పటికే పాతబడిపోయింది! సూట్ వల్ల తేడా వచ్చిందని బీడర్‌మన్ కూడా దాచకుండా చెప్పాడు. నిబంధన మారేదాకా ఫెల్ప్స్‌ను అంతర్జాతీయ పోటీలకు పంపకపోవచ్చని కోచ్ బాబ్ బౌమన్ హెచ్చరించారు. అయితే నిషేధం అప్పటికే ఖాయమైంది. రోమ్‌లో రేసులు మొదలవడానికి ముందే ఫినా కాంగ్రెస్ 168-6 ఓట్ల తేడాతో తీర్మానం చేసింది. 2010 జనవరి 1 నుంచి బ్యాన్ అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు రూల్స్ ఏంటి?

* సూట్ నీళ్లు, గాలి పారే నేత బట్టతోనే ఉండాలి. పాలీయూరిథేన్, రబ్బరు లాంటి పొరలు కుదరవు.
* మగవాళ్లకు నడుము నుంచి మోకాలి దాకా, ఆడవాళ్లకు భుజం నుంచి మోకాలి దాకా మాత్రమే.
* మందం 0.8 మిల్లీమీటర్లు దాటొద్దు. తేలే బలం 0.5 న్యూటన్లకు మించొద్దు.
* జిప్ ఉండకూడదు. ఒకదాని మీద ఇంకొకటి వేసుకోకూడదు.
* అంతర్జాతీయ పోటీల్లో వాడే సూట్‌పై సమాఖ్య ఆమోద ముద్ర ఉండాలి. ఫినా ఇప్పటి పేరు వరల్డ్ అక్వాటిక్స్.

కళ్లద్దాలు, టోపీ కూడా టెక్నాలజీయే కదా, వాటిని ఎందుకు ఒప్పుకుంటున్నారని కొందరు అడుగుతారు. కళ్లద్దాలు చూపునిస్తాయి, ఒంటిని తేల్చవు. దూకే దిమ్మె, లేన్ తాళ్లు అందరికీ ఒక్కటే. సూట్ అలా కాదు. దొరికినవాడికి ఒక టైమ్, దొరకనివాడికి ఇంకో టైమ్.

బ్యాన్ తర్వాత ఏమైంది?

2011 షాంఘై ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో బద్దలైన ప్రపంచ రికార్డులు కేవలం 2. రోమ్‌లో 43, ఇక్కడ 2! పాత రికార్డులను మాత్రం ఫినా కొట్టేయలేదు. దాంతో తర్వాతి తరం ఉత్త బట్టతో ఆ సూట్ల టైమ్‌లను వెంటాడాల్సి వచ్చింది. సీజర్ సియెలో రోమ్‌లో పెట్టిన 100 మీటర్ల ఫ్రీస్టైల్ రికార్డు 13 ఏళ్లు నిలిచింది. 2022లో అదే రోమ్ పూల్‌లో రొమేనియా కుర్రాడు డేవిడ్ పొపొవిచి 46.86 సెకన్లతో దాన్ని దాటాడు. బీడర్‌మన్ 400 మీటర్ల రికార్డును 2025లో జర్మనీకే చెందిన లూకాస్ మార్టెన్స్ 3:39.96తో చెరిపేశాడు. అంటే సూట్ ఒక్క రోజులో ఇచ్చినదాన్ని సాధనతో అందుకోవడానికి దాదాపు 16 ఏళ్లు పట్టింది.

మన పిల్లలకు దీంతో పనేంటి?

చాలా ఉంది. ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ ధర అప్పట్లో సుమారు 550 డాలర్లు. మన లెక్కన 20 వేల రూపాయలకు పైమాటే. అదీ కొన్ని రేసులకే పనికొచ్చేది. తొడుక్కోవడానికే 20, 30 నిమిషాలు, పక్కన ఒకరి సాయం కూడా కావాలి. ఆ సూట్లే కొనసాగి ఉంటే, గోదావరి ఒడ్డు పల్లె నుంచి పోటీకి వచ్చే పిల్లాడు స్టార్టింగ్ బ్లాక్ ఎక్కకముందే ఓడిపోయేవాడు.

బాపట్ల జిల్లా (ఒకప్పటి గుంటూరు జిల్లా) రేపల్లె దగ్గరి కైతేపల్లికి చెందిన షంషేర్ ఖాన్‌ను గుర్తు చేసుకోవాలి. పల్లెటూళ్లో పెరిగి, సైన్యంలో చేరి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఈదారు. చేతుల సత్తా, ఊపిరి బలం ఉంటే ఊరి నుంచి ఒలింపిక్స్ దాకా వెళ్లొచ్చన్న నమ్మకాన్ని ఇలాంటివాళ్లే ఇస్తారు. ఆ దారి మూసుకుపోకుండా ఈ బ్యాన్ కొంత కాపాడింది.

అలాగని తేడాలన్నీ పోయాయని కాదు. బాసర పిల్లాడికి గచ్చిబౌలి లాంటి పెద్ద పూల్ కావాలంటే 200 కిలోమీటర్ల దూరం. రూల్స్‌కు లోబడిన రేసింగ్ సూట్లు కూడా ఇప్పుడు వేల రూపాయలు పలుకుతున్నాయి. అందుకే అమెరికాలో 2020 నుంచి 12 ఏళ్లలోపు పిల్లల పోటీల్లో ఖరీదైన టెక్ సూట్లను ఆపేశారు.

తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఈత మొదలుపెట్టే పిల్లలకు ఒంటికి అతుక్కునే మామూలు నైలాన్ లేదా పాలియెస్టర్ స్విమ్‌సూట్ చాలు. కాటన్ నిక్కరు మాత్రం నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, అది వద్దు. సూట్ మీద పెట్టే డబ్బు మంచి కోచ్ మీద పెడితే టైమ్ తగ్గుతుంది. ఇక నదిలో సాధన అంటే లోతు తెలిసినవాళ్లు పక్కన ఉండాల్సిందే. గోదావరి దగ్గర ఏ సూటూ పనికిరాదు.